నీళ్ల బట్టకు ఎర్ర దారం

ఇది చదివేవాళ్లలో ఎవరి కాలిలోనైనా నారి కురుపు, అదే నారు, లేచి ఉంటే, నా కథ తర్వాత, ముందు ఒక్క మాట వినండి. ఎంత మండినా సరే ఆ కాలు బావి నీళ్లలో పెట్టకండి. ఇంట్లోనే తొట్టిలో నీళ్లు పోసుకుని పెట్టుకోండి. ఆ నీళ్లు బావికి దూరంగా, ఎండిన నేల మీద పారబోయండి. నాకు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. చెప్పినా వినేదాన్నో కాదో, నా మొండితనం మా ఊళ్లో అందరికీ తెలిసిందే. ఇప్పుడు కాలు నయమై, గండం గడిచి, తీరుబడిగా కూర్చున్నాను కాబట్టి మా అన్న చిన్నప్పుడు నేర్పిన నాలుగు అక్షరాలతో ఇదంతా రాస్తున్నాను.

రోహిణి కార్తె

మాది బోధన్‌కు కోసెడు దూరంలో ఒక ఊరు. నా పుట్టిల్లు నిజామాబాద్ పట్నం. బోధన్ దగ్గర చక్కెర కార్ఖానా గోడలు లేస్తున్న రోజులవి. మా ఆయన ఎడ్లబండి మీద అక్కడికి ఇటుకలు తోలేవాడు. ఇంట్లో నేను, మా అత్త, నాలుగేళ్ల నా బిడ్డ బాలమణి. కాలువ వచ్చాక చుట్టూ చెరకు ఏపుగా లేచింది గాని, తాగడానికి మాత్రం ఊరందరికీ ఒకటే మెట్ల బావి. మెట్లు దిగి, చివరి మెట్టు మీద పాదాలు మునిగేలా నిలబడి బిందె ముంచుకోవాలి. మా అత్త అట్లాగే ముంచింది, వాళ్ల అత్తా అట్లాగే ముంచింది.

ఆ ఎండల్లో నా ఎడమ కాలి చీలమండ మీద ఒక పొక్కు లేచింది. పొయ్యి దగ్గర నిప్పురవ్వ ఏదో పడిందనుకున్నాను. మర్నాటికి ఆ మంటకు కూర్చోలేను, నిలబడలేను. ఒళ్లంతా దద్దుర్లు, కడుపులో తిప్పుడు. మా అత్త కాలు అటూ ఇటూ తిప్పి చూసి, పెద్ద విశేషమేమీ కానట్టు చెప్పింది.

"నారి కురుపే పిల్లా. మా అవ్వకు అయిదు మాట్ల లేసింది. లేస్తది, పోతది."

నీళ్లకు పోకపోతే ఇల్లు నడవదు. కుంటుకుంటూ పోయాను. చివరి మెట్టు మీద ఆ కాలు నీళ్లలో దించగానే పోయిన ప్రాణం లేచి వచ్చింది. పొక్కు పగిలింది. లోపల నుంచి తెల్లటి దారం కొస ఒకటి తొంగి చూసింది. నీళ్లలో పాలచుక్క పడితే ఎట్లా ఉంటుందో అట్లా కొంచెం తెల్లగా కదిలింది. నాకు అసహ్యం వేసింది, అంతే. ఆ తర్వాత నాలుగైదు రోజులు పని ఉన్నా లేకున్నా బిందె చంకన పెట్టుకుని పోయి ఆ మెట్టు మీదే కూర్చున్నాను. హాయిగా ఉండేది. మంట తగ్గాక బిందె నింపుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఆ నీళ్లే అందరం తాగాం. బాలమణీ తాగింది.

ఊళ్లో నారు తీసే ముసలాయన ఒకడున్నాడు, సాయన్న. ఆయన ఆ దారం కొసను సన్నటి పుల్లకు చుట్టి, రోజుకు రెండు చుట్లు మాత్రం తిప్పి, గుడ్డ కట్టి పోయేవాడు. చేతులు వణికేవి గాని నారు మీద పడ్డాక వణుకు ఆగిపోయేది.

"తొందర పడకు బిడ్డా. దాని నడక దానిది. గుంజితె తెగుతది. తెగితె లోపల కుళ్లుతది" అని పోయేటప్పుడల్లా చెప్పేవాడు.

ఆరో రోజు ఆయన రావడం ఆలస్యమైంది. పొయ్యి మీద అన్నం, బయట పిల్ల ఏడుపు, కాలికి పుల్ల. నాకు ఒళ్లు మండింది. నేనే పుల్ల పట్టి గుంజాను. తెగింది.

మృగశిర

రెండు రోజుల్లో కాలు మోకాలి దాకా వాచి నల్లబడింది. జ్వరంతో ఏదేదో వాగానట. మా ఆయన బండిలో గడ్డి పరిచి నన్ను పడుకోబెట్టి నిజామాబాద్ తోలాడు. దారి పొడుగునా ఎడ్లతో మాట్లాడాడే గాని నాతో మాట్లాడలేదు. పట్నం పొలిమేరకు వచ్చాక మాత్రం వెనక్కి తిరగకుండా అడిగాడు.

"కాలు తీసేస్తమంటె ఏమందాం?"

"తియ్యనియ్యకు" అన్నాను.

"సరే" అన్నాడు. ఆ తర్వాత ఎడ్లతో కూడా మాట్లాడలేదు.

మా అన్న ఇంట్లో దిగాం. అన్నకు బీడీల చిన్న దుకాణం. తెల్లారగానే నన్ను దవాఖానకు మోసుకుపోయేవాడు. అక్కడ వరండాలో ఒక పొడుగు బల్ల. ఆ బల్ల మీద నేను గడిపిన పొద్దులు లెక్క పెట్టలేదు. లోపలికి పిలిస్తే భయం, పిలవకపోతే ఇంకా భయం. సిరికొండ నుంచి జ్వరంతో వచ్చిన ఒకావిడ, తనే చలికి వణుకుతూ, భుజం మీది గొంగడి తీసి మడిచి నా కాలి కింద పెట్టింది. వద్దన్నాను. "నా సలి గొంగడితోని పోయేది గాదు తియ్యి" అన్నది. ఆమె పేరు కూడా అడగలేదు నేను, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

ముప్కాల్ ఊరి పెద్దమనిషి ఒకాయన నా పక్కన కూర్చునేవాడు. ఆయనకూ నారే.

"నాకు మూడు లేసినై. నీకెన్ని?" అని అడిగాడు.

"ఒక్కటే."

"ఒక్కదానికే గింత ఏడుపా?" అని నవ్వాడు. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

కట్టు మార్చే కంపౌండరు సాబు వయసు మళ్లినవాడు, గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు. చేయి తేలిక. వారం దాటాక ఒక పొద్దున డాక్టరు వచ్చి, వాపు మీద వేలితో నొక్కి చూసి, కాలు ఉంటుందని చెప్పి పోయాడు. మా అన్న వరండా స్తంభానికి ఆనుకుని, దుమ్ము పడిందంటూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సంతోషంలోనే ఉన్నాను. కంపౌండరు సాబు కట్టు చుడుతూ మామూలుగా అడిగాడు.

"మంట పుట్టినప్పుడు కాలు యాడ సల్లార్సుకున్నవు బేటీ?"

"బావిల సాబ్. రోజూ పోయి కూసుంటుంటి" అన్నాను, తెలివైన పని చేసినట్టు.

ఆయన చేయి ఆగిపోయింది.

"దేఖో బేటీ. అది దారం గాదు, పురుగు. నీళ్లు తగలంగనె దాని పిల్లలు వేలకు వేలు నీళ్లల్లకు దుంకుతయ్. గా నీళ్లు ఎవలు తాగితె వాళ్ల కడుపుల వడి, ఏడాది తిరిగెవరకు కాలుకెల్లి ఎల్తయ్. నీకు గట్లనే వచ్చింది. ఇంట్ల పిల్లలున్నరా?"

మా అన్నే చెప్పాడు, నాలుగేళ్ల ఆడపిల్ల ఉందని.

"మందు లేదా సాబ్?" అన్నాడు అన్న.

"లోపల వడ్డంక మందు లేదు. ఏడాది ఆగి సూడాలె. వస్తె వస్తది, రాకపోతె అల్లా దయ. ఇయ్యాలటి సంది మాత్రం వడవోయని నీళ్లు పిల్లకు తాపియ్యకుండ్రి."

నా కాలు నాకు దక్కిందన్న సంతోషం అక్కడే పోయింది. నా నొప్పి తీరాలని నేను నా బిడ్డ తాగే నీళ్లలో పురుగు పోశాను. దీన్ని ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాదు.

ఏ వడపోత?

ఆ రోజు నుంచి నాకు ఒకటే యావ. ఎన్ని రకాల వడపోతలు ఉంటే అన్నీ చూడాలి, అన్నింటిలో గొప్పది ఇంటికి తీసుకుపోవాలి. తప్పు పెద్దది కాబట్టి వడపోత కూడా పెద్దదే కావాలనిపించింది.

బజారులో ఒక దుకాణంలో ఇంగ్లండు సీమ నుంచి వచ్చిన జాడీ ఉందని అన్న చెప్పాడు. బండి కట్టించుకుని పోయాను. తెల్లటి పింగాణీ జాడీ, నీలం పూలు, కింద నీళ్లు పట్టుకునే ఇత్తడి తోటీ. లోపల తెల్లటి మట్టి గొట్టం. పైన పోసిన నీళ్లు ఆ గొట్టంలోంచి ఊరి కింది అరలోకి చుక్క చుక్కగా పడతాయి. దుకాణదారు మరాఠీ యాసలో, దొరలు కూడా ఇందులోంచే తాగుతారని చెప్పాడు. నేను అక్కడే కూర్చుని ఒక గిలాస నిండేదాకా చూశాను. చూస్తూ చూస్తూ కునుకు కూడా తీశాను. ధర విని మా అన్న తల గోక్కున్నాడు. నేను మాత్రం మెడలో బంగారు గుండ్లు తడుముకున్నాను, అమ్మేద్దామని.

తర్వాత రైలు స్టేషనులో మూడు కుండల వడపోత చూపించాడు. కర్ర చట్రం మీద ఒకదాని మీద ఒకటి మూడు కుండలు. పైదాంట్లో బొగ్గు, నడిమిదాంట్లో ఇసుక, అడుగుదాంట్లో చల్లటి నీళ్లు. తాగి చూశాను, మంజీర ఇసుక వాసన కమ్మగా ఉంది. ఇది నాకు నచ్చింది. కుమ్మరికి చెప్పి చేయించుకోవచ్చు.

అప్పుడే మా అత్త బాలమణిని తీసుకుని నన్ను చూడటానికి వచ్చింది. మూడు కుండల సంగతి చెప్తే ముక్కు మీద వేలేసుకుంది.

"బొగ్గుల నీళ్లా? గా బొగ్గు ఏ కట్టెదో ఎవనికెరుక? పీనుగను కాల్సిన కాట్ల మిగిలిన కట్టె అయితె?"

"మన పొయ్యిల బొగ్గే అత్తా."

"మన పొయ్యిల బొగ్గుతోని పండ్లు తోముకుంటం, నీళ్లు తాగుతమా?"

ఇక కాచుకుని తాగడం. దానికీ అత్త అడ్డే. చెరకు గట్ల మీద ఉన్న చెట్లు కొట్టేశాక కట్టెలకే కరువు, నీళ్లకు ఎక్కడివి? పైగా కాచిన నీళ్లు తాగితే దాహం తీరదట. నేను కోపంతో జాడీయే తెస్తానని పట్టుబట్టాను. చివరికి అన్న మా ఇద్దరినీ కంపౌండరు సాబు ముందు కూర్చోబెట్టాడు.

సాబు మా ఆయన చేత మా బావి నీళ్లు ఒక సీసాలో తెప్పించాడు. రెండు గాజు గిలాసలు తెచ్చాడు. ఒకదాంట్లో నీళ్లు అట్లాగే పోశాడు. ఇంకోదాని మూతికి దళసరి నేత బట్ట రెండు మడతలు వేసి పోశాడు. రెండూ ఎండకు ఎత్తి పట్టి మా అత్తను చూడమన్నాడు. మొదటి గిలాసలో తెల్లటి చుక్కలు, నువ్వు గింజలో పావు వంతు కూడా ఉండవు, గబుక్కున ఎగిరి ఆగుతున్నాయి, మళ్లీ ఎగురుతున్నాయి. రెండోదాంట్లో ఏమీ లేవు.

"నారు పిల్లలను గా చుక్కలు మింగుతయ్, గా చుక్కలను మనం మింగుతం. చుక్క ఆగితె నారు ఆగుతది" అన్నాడు.

"గింతేనా? బట్టేనా?" అన్నాను. నాకు నిజంగా నిరాశ కలిగింది.

"జాడీ మంచిదే బేటీ. మూడు కుండలు ఇంక మంచియి. గని గొట్టం పగిలితె నువ్వు మల్ల నిజామాబాద్ రావాలె. బొగ్గు మార్సుడు మరిస్తె కుండ కంపు గొడుతది. చెరుకు కొట్టనీకె పోయినప్పుడు జాడీ నెత్తిన వెట్టుకపోతవా? రోజూ చేసెటిదే మంచి వడపోత. ఒక్కటి మాత్రం యాది వెట్టుకో. బట్ట నారునే ఆపుతది. వాంతులు, బేదులు లేసినప్పుడు కాసుకొనే తాగాలె."

మా అత్త గిలాసలోని చుక్కల వైపు ఇంకా చూస్తూనే ఉంది. కాసేపటికి అన్నది, "కట్టి ఇడిసిన బట్ట మాత్రం ఒద్దు. దేవునికి గూడ గవ్వే నీళ్లు." ఆమె ఒప్పుకుందని అర్థం. అన్న నేతగాడి ఇంటికే పోయి మగ్గం మీంచి దించిన కొత్త బట్ట తెచ్చాడు.

భాద్రపదం

ఊరికి వచ్చాక చేయాల్సిన పని ఇంకోటి మిగిలింది. బావి దగ్గర ఆడవాళ్లందరూ ఉన్న వేళ చూసి పోయి, ఉన్నదున్నట్టు చెప్పాను. నారు లేచిన కాలు నేనే నీళ్లలో పెట్టానని చెప్పాను. ఒకామె నిండిన బిందెను అక్కడే ఒంపేసి, "నా కొడుక్కు ఏమన్న అయితె నిన్ను ఇడిసిపెట్ట" అన్నది. కొన్నాళ్లు నాతో ఎవరూ మాట్లాడలేదు. కానీ మగవాళ్లు కూర్చుని మాట్లాడుకుని, బావి ఒడ్డున దూలం వేసి గిరక కట్టారు, మెట్లకు అడ్డంగా ముళ్ల కంప పరిచారు. ఇప్పుడు పైనుంచే చేదుకుంటున్నాం.

ఇంట్లో నీళ్లు నిలవ చేసే గోలెం మీద బట్ట కట్టే పని మా అత్త తీసుకుంది. నా కాలు ఇంకా ఈడుస్తూనే నడిచేదాన్ని. రోజూ నీళ్లు వడపోస్తున్నారు కదా అని నేను నిమ్మళంగా ఉన్నాను. వినాయక చవితి తెల్లారి, గోలెం దగ్గర అలుకుతూ యథాలాపంగా చూశాను. నిన్న పైకి ఉన్న పసుపు మరక ఇవాళ కిందికి ఉంది.

"అత్తా, బట్ట తిప్పి కట్టినవా?"

"రోజూ తిప్పుత. ఒక్క దిక్కే వోస్తె అరిగి సిరుగుతది. ఇయ్యాల గిటు, రేపు గటు. సాప తిప్పి ఏస్తం, బొంత తిప్పి ఏస్తం, గిది గూడ గంతే గద."

పొదుపరి ఇల్లు మాది. ఏ వస్తువైనా రెండు వైపులా అరగాలి, అదే మా అత్త ధర్మం. నిన్న బట్ట మీద ఆగిన చుక్కలన్నీ ఇవాళ్టి నీళ్లతో కడిగి గోలెంలోకే దించుతున్నామన్నమాట. ఏమన్నానో అంతా రాయను. నా బిడ్డను చంపుతున్నావని కూడా అన్నాను. ఆమె గోలెం పక్కన నేల మీద కూలబడింది.

"తెల్వక జేసిన పిల్లా" అన్నది.

ఆ మాట విన్నాక నాకు బావి మెట్టు గుర్తొచ్చింది. నేను కూడా తెలియకే చేశాను. నన్ను మా ఆయన ఒక్క మాట అనలేదు, అత్త అనలేదు. నేను మాత్రం ఆమెను నరికినట్టు మాట్లాడాను. సిగ్గుపడి పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం.

ఆ మధ్యాహ్నమే పెట్టెలోంచి ఎర్ర దారం తీసి మడిచిన బట్టకు పై మడత మీద, నడుమన, పెద్ద పువ్వంత కుట్టు వేశాను. ఎర్ర దారం ఎప్పుడూ ఆకాశం వైపే చూడాలి. బాలమణికి కూడా నేర్పాను. వాడాక బట్టను దూరంగా తీసుకుపోయి ఉతికి ఎండేయాలి. మా ఆయన నిజామాబాద్ పోయి కంపౌండరు సాబుకు సంగతి చెప్తే, ఆయన నవ్వకుండా, కోప్పడకుండా, "లెక్క ఇయ్యాలటి సంది మల్ల మొదలువెట్టమను" అన్నాడట. మూడు నెలలు గడిచాయని సంబరపడుతున్న నాకు మళ్లీ పూర్తి ఏడాది ముందుంది.

ఆషాఢం

ఆ ఏడాది ఎట్లా గడిచిందో రాయమంటే రాయలేను. రోజూ పొద్దున నూనె రాసే నెపంతో బాలమణి కాళ్లు వేళ్ల సందుల దాకా చూసేదాన్ని. అది ఆట అనుకునేది. "ఇయ్యాల గూడ ఏం లేదమ్మా" అని అదే చెప్పేది. ఎండాకాలం వచ్చింది. రోహిణి పోయింది, మృగశిర పోయింది. ఏమీ లేవలేదు. కొంచెం కొంచెం ఊపిరి తీసుకుంటున్నాను.

ఆషాఢంలో ఒక పొద్దున దాని ఎడమ చీలమండ మీద పొక్కు. నాకు లేచిన చోటే.

మా అత్త వచ్చి చూసి, పిల్లను ఒళ్లో వేసుకుని, కాలు తొట్టి నీళ్లలో పెట్టించి, ఆ నీళ్లు తనే మోసుకుపోయి దొడ్డి అవతల ఎండిన నేల మీద పారబోసి వచ్చింది. మా ఆయన బండి కట్టాడు. ఈసారి దారి పొడుగునా మాట్లాడినది బాలమణి ఒక్కతే, చెరకు గడలు కావాలని.

కంపౌండరు సాబు పొక్కును చూశాడు, చుట్టూ నొక్కాడు. తర్వాత, మా అన్న కొత్తగా చేయించి పంపిన వెండి కడియం ఆ కాలికే ఉంటే, దాన్ని నెమ్మదిగా తిప్పాడు. అతుకు దగ్గర గరుకు సరిగ్గా పొక్కు మీదికి వచ్చింది. పిల్ల "అబ్బా" అన్నది.

ఆయన కడియం తీసి నా చేతిలో పెట్టాడు.

"గీ నారు వెండిది బేటీ. కంసాలికి ఇచ్చి రాపియ్యి, పోతది."

ఆ వరండాలో, నేను అన్ని పొద్దులు గడిపిన ఆ బల్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు. మా అత్త నా వీపు మీద ఒక్కటి వేసింది.

"గింత పెద్దగ ఏడుస్తె ఎవలో సచ్చిండ్రనుకుంటరు, ఊకో" అంటూ తనూ కొంగు నోట్లో కుక్కుకుంది.

మళ్లీ భాద్రపదం

చవితి వచ్చింది, పోయింది. లెక్క తప్పిందేమోనన్న అనుమానంతో ఇంకో నెల కూడా చూశాను. బాలమణి కాళ్ల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. బిందె ఒంపేసిన ఆమె కొడుక్కూ ఏమీ కాలేదు. ఆమే ఒకరోజు వచ్చి మా గడపలో కూర్చుని, ఎర్ర దారం కుట్టు ఎట్లా వేయాలో చూపించమన్నది. నా నడకలో కొంచెం కుంటు మిగిలింది. ఉండనీ, దానితో నాకు పేచీ లేదు.

నెల నిండిన పొద్దున గోలెం మీది పాత బట్ట విప్పాను. అరిగి పలచబడింది. ఒక దిక్కే అరిగింది.

"లెక్క అయిపోయింది అత్తా. ఇగ భయం లేదు" అన్నాను. నా గొంతు నాకే వింతగా, తేలిగ్గా వినిపించింది.

మా అత్త లోపలికి పోయి రెండు మడతలు కలిపి కుట్టిన కొత్త బట్ట తెచ్చింది. ఎప్పుడు కొనిపించిందో, ఎప్పుడు కూర్చుని కుట్టిందో నాకు తెలియదు. ఈ ఏడాదిలో ఆమెకు చూపు మందగించింది. కుట్లు ఎక్కడెక్కడికో పోయాయి. నడుమన ఒక్కచోట కాదు, పై వైపు నాలుగు మూలలా, నాలుగు అంచులా, తడిమినా తెలిసేంత దళసరిగా ఎర్ర దారం.

"నీ లెక్క అయిపోయింది గని, నీళ్లు తాగుడు అయిపోయిందా?" అన్నది.

బట్టను గోలెం మూతికి పరిచి, ఎర్ర దారం పైకి ఉందో లేదో వేళ్లతో తడిమి చూసుకుంది. తర్వాత చేయి వెనక్కి తీసుకుని, పొయ్యమన్నది. నేను బిందె ఎత్తి పోశాను.